తొట్టి లెక్క దగ్గర పోయిన ఆరు నిమిషాలు

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు కాబట్టి, తాడిపత్రి వైపు ఒక పల్లె అని మాత్రం చెబుతాను. వయసు 25. గణితం ప్రధానంగా బీఎస్సీ చదివారు. మూడేళ్ళుగా అనంతపురంలో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు తయారవుతున్నారు. పగలు కోచింగ్, సాయంత్రం నుంచి రాత్రి పది దాకా స్టడీ హాలు. తండ్రి వేరుశనగ రైతు. గదికి, కోచింగుకు, పుస్తకాలకు నెలనెలా డబ్బు ఆయనే పంపుతున్నారు.

"నాకు లెక్కలు రాక ఈ ఉత్తరం రాయడం లేదు. వచ్చినందుకే నష్టపోతున్నానేమో అన్న అనుమానంతో రాస్తున్నాను" అని మొదలుపెట్టారు. ఊళ్ళో బడిలో లెక్కల సారు, లెక్కను సగంలో వదిలేయడమంటే కంచంలో అన్నం సగంలో వదిలి లేవడమే అనేవారట. ఈమె ఆ రెండింటిలో ఏదీ ఏనాడూ చేయలేదు.

రైల్వేలో సాంకేతికేతర ఉద్యోగాలకు పెట్టే ఎన్‌టీపీసీ మొదటి దశ పరీక్ష రాయడానికి తెల్లవారుజామున బస్సెక్కి కర్నూలు వెళ్ళారు. లెక్కలు తన బలం కాబట్టి వాటిని ఆఖరికి ఉంచుకున్నారు. మొదటి పది లెక్కలు తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి. పదకొండోది గొట్టాలూ తొట్టీ. ఒక గొట్టం తొట్టిని 12 గంటల్లో నింపుతుంది, రెండోది 15 గంటల్లో నింపుతుంది, మూడోది నిండు తొట్టిని 20 గంటల్లో ఖాళీ చేస్తుంది. ఒక్కో గంట ఒక్కో గొట్టం చొప్పున వంతులవారీగా తెరుస్తూ పోతే ఖాళీ తొట్టి ఎంతసేపటికి నిండుతుంది? భిన్నాలు వేసి నిమిషన్నరలో 30 గంటలు అని తేల్చారు. ఆప్షన్లలో 30 ఉంది కూడా. అయినా మనసు ఒప్పుకోలేదు. కొట్టేసి మళ్ళీ మొదటినుంచి వేశారు. సరైన జవాబు దొరికేసరికి ఆ ఒక్క లెక్కకే ఆరు నిమిషాలు పోయాయి. "చేతులు చల్లబడ్డాయి. తర్వాతి లెక్కలు చదువుతుంటే అక్షరాలు కనిపిస్తున్నాయి, అర్థం కావడం లేదు. చివరి ఏడు లెక్కలు చదవకుండానే సమయం అయిపోయింది."

కీ వచ్చాక ప్రశ్నపత్రం తెరిచి చూసుకుంటే, ఆ ఏడింటిలో ఐదు నోటితో చెప్పగలిగినవి. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోయే 150 మీటర్ల రైలు ఒక స్తంభాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుందన్నది వాటిలో ఒకటి. కటాఫ్‌కు రెండు మార్కుల లోపు దూరంలో ఆగిపోయారు. గదిలో ఉండే స్నేహితురాలు, ఈమె దగ్గరే శాతాలు నేర్చుకున్న అమ్మాయి, బ్యాంకు ఉద్యోగం వచ్చి ధర్మవరంలో చేరిపోయింది. ఉగాది తర్వాత సంబంధాలు చూస్తామని ఇంట్లో అమ్మ అంటున్నారు. ఇంకొక్క ఏడాది అని నాన్న అంటున్నారు. ఆ నాన్న పోయిన వేసవిలో నాలుగో బోరు వేయించారు. "ఆరు వందల అడుగులు వేశాం, ఇంకో వంద వేస్తే పడకపోదు అన్నారు. ఏడు వందల దాకా దుమ్మే లేచింది. అంత అప్పులోనూ నా గది అద్దె ఒక్క నెల ఆగలేదు." లెక్కల్లో వేగం పెంచుకోవాలా, లెక్కలు తక్కువ ఉండే పరీక్షలు చూసుకోవాలా, ఇంతటితో చాలించుకోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ మీద మీరు వేసుకున్న నిందలన్నీ చదివాను. మొండిదాన్ని అన్నారు, నాన్న సొమ్ము తగలేస్తున్నాను అన్నారు. వాటిని పక్కన పెట్టి, మీరు మాటవరసకు రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. మొదటి పది లెక్కలు తొమ్మిది నిమిషాల్లో చేశారు. అంటే ఒక్కోటి 54 సెకన్లు. పరీక్షకు ఇచ్చే 90 నిమిషాలను అందులోని 100 ప్రశ్నలకు సమానంగా పంచినా వచ్చేది సరిగ్గా 54 సెకన్లే. మీకు వేగం తక్కువని ఎవరన్నా నమ్మకండి. వేగం కోసం రోజుకు రెండు వందల లెక్కలు వేస్తున్నానన్నారు. ఆ శ్రమంతా నొప్పి లేని చోట మందు రాయడమే. మీ ఇబ్బంది పదకొండో లెక్కలో ఉంది, అందులోనూ తొంభయ్యో సెకను తర్వాత ఉంది.

ఆ తొంభయ్యో సెకను దగ్గర కాసేపు ఆగుదాం. మీ చేతిలో 30 అన్న జవాబు ఉంది. అది తప్పని మీకు తోచింది. ఎందుకు తోచిందో కూడా రాశారు: మూడు గంటలకు తొట్టిలో పదో వంతు నిండుతుందని లెక్కవేసి పదితో గుణించేశాను, కానీ ఆఖరి విడతలో ఖాళీ చేసే గొట్టం వంతు రాకముందే తొట్టి నిండిపోవచ్చు కదా అని. ఎంత చక్కటి అనుమానం! ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెబుతున్నాను, ఆ లెక్కకు 30 పెట్టి నిశ్చింతగా ముందుకు వెళ్ళిపోయేవాళ్ళనే ఎక్కువగా చూశాను. మీ బుర్ర చేయవలసిన పని చేసింది. అయితే ఆ క్షణాన మీ ముందు రెండు దారులున్నాయి: అక్కడే ఉండి సరిచేయడం, గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్ళడం. రెండోది మీ కంటికి ఆనలేదు. అప్పటికే నిమిషన్నర పెట్టారు. అది వృథా కాకూడదని ఇంకో నిమిషం, ఆ నిమిషం వృథా కాకూడదని మరో రెండు.

నాన్నగారి బోరు సంగతి మీరే రాశారు కాబట్టి, మిమ్మల్ని నొప్పించకుండా అడగగలనన్న నమ్మకంతో అడుగుతున్నాను. ఆరు వందల అడుగుల దగ్గర ఆయన ఇంకో వంద ఎందుకు వేయించారు? కింద నీళ్ళున్నాయని కొత్తగా ఏమైనా తెలిసిందా? తెలియలేదు. ఆరు వందల అడుగుల డబ్బు అప్పటికే భూమిలోకి పోయింది, ఆ డబ్బే ఇంకో వంద వేయించింది. మీ జిల్లాలో ఏ రైతును అడిగినా ఆ నిమిషం ఎలా ఉంటుందో చెబుతాడు. బోరు బండి మోగుతూ, దుమ్ము లేస్తూ, చుట్టూ నలుగురూ నిలబడి చూస్తుంటే ఆపమని అనడానికి నోరు రాదు. అందుకే దెబ్బలు తిన్నవాళ్ళు బండి పొలంలోకి రాకముందే, ఇంటి అరుగు మీద కూర్చుని, ఇన్ని అడుగుల దగ్గర ఆపేద్దామని అనుకుంటారు. పరీక్ష హాలు కూడా మోగుతున్న బోరు బండే. వదలాలా వద్దా అని అక్కడ ఆలోచిస్తే ప్రతిసారీ ఇంకో వంద అడుగులే గెలుస్తాయి. ఆ నిర్ణయం ముందే, మీ గదిలో, తీరిక మీద అయిపోవాలి.

ఎన్ని అడుగులు? నా లెక్క చెబుతాను, మీ చేతికి తగ్గట్టు మార్చుకోండి. ఎన్‌టీపీసీ మొదటి దశలో లెక్కలు 30, రీజనింగ్ 30, జనరల్ అవేర్‌నెస్ 40. ఆ 40 ప్రశ్నలు తెలిస్తే పది సెకన్ల పని, తెలియకపోతే పది నిమిషాలు కూర్చున్నా తెలియవు. వాటికి 15 నిమిషాలు చాలు. రీజనింగుకు 28. లెక్కలకు 40. మిగిలిన 7 నిమిషాలు దేనికీ రాసివ్వకుండా దాచుకోండి. 40 నిమిషాల్లో 30 లెక్కలంటే ఒక్కోదానికి 80 సెకన్లు. స్తంభం దాటే రైలు మీకు పదిహేను సెకన్లలో అయిపోతుంది, మిగిలింది బరువైన లెక్కకు పనికొస్తుంది. ఇంత ఉన్నా ఏ లెక్కకూ రెండు నిమిషాలు దాటకూడదు. ఇష్టమైన లెక్క అయినా సరే, జవాబు ఇదిగో వచ్చేసింది అనిపిస్తున్నా సరే. "వచ్చేసింది" అనిపించే ఆ నిమిషమే ఎక్కువమందిని ముంచుతుంది.

అయితే రెండు నిమిషాల హద్దు కంటే మొదటి పదిహేను సెకన్లు ముఖ్యం. ప్రశ్న చదవగానే అందరూ మనసులో అడుక్కునేది "ఇది నాకు వచ్చా?" అని. మీ స్నేహితురాలికి ఆ ప్రశ్న బాగా పనికొచ్చింది. ఆమెకు రానివి చాలా ఉన్నాయి, వాటిని క్షణం ఆలోచించకుండా దాటేసి, వచ్చినవన్నీ పూర్తిచేసింది. ఆమె గెలుపులో అన్యాయం ఏమీ లేదు. పరీక్ష అడిగిన పని ఆమె చేసింది. మీకు మాత్రం ఆ ప్రశ్న పనికిరాదు. పదో తరగతి స్థాయి లెక్కల్లో మీకు రానిదంటూ ఉండదు కాబట్టి ప్రతిసారీ "వచ్చు" అనే జవాబు వస్తుంది, ప్రతి లెక్కలోనూ కాలు పెడతారు. మీరు అడుక్కోవలసింది, "దీని దారి ఇప్పుడే, చివరిదాకా కనిపిస్తోందా?" అని. కనిపిస్తే చేసేయండి. మొదటి అడుగు కనిపించి రెండోది మసకగా ఉంటే ఆ లెక్క రెండో చుట్టుకు. లెక్క రాదని ఒప్పుకున్నట్టు కాదది, దాని వంతు ఇంకా రాలేదని మాత్రమే.

వదిలేసినా సరే, తర్వాతి మూడు లెక్కల దాకా అది తలలో తిరుగుతూనే ఉంటుందన్నారు. అందరి మనసూ అంతే. పూర్తయిన పని కంటే మధ్యలో ఆగిన పని ఎక్కువ గుర్తుంటుందని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు 1927లోనే రాశారు. అలా తిరిగేదాన్ని మరిచిపొమ్మంటే మరిచిపోదు. దానికి ఒక చోటు, ఒక వేళ చూపిస్తే నెమ్మదిస్తుంది. రఫ్ కాగితం పైమూల చిన్న గడి గీసి, లెక్క నంబరు, ఎక్కడిదాకా వచ్చారో రెండు ముక్కలు రాయండి: "11, 30 తప్పు, ఆఖరి విడత చూడాలి" అని. తెర మీద మళ్ళీ చూడటానికి గుర్తుపెట్టే బటన్ ఉంటుంది, అదీ నొక్కండి. కానీ చేత్తో రాసుకున్న మాట మీద మనసుకు కుదిరే గురి వేరు. పైగా తిరిగి వచ్చినప్పుడు మొదటినుంచి వేయనక్కర్లేదు.

ఇక ఆ తొట్టి. మీ ఆరు నిమిషాల్లో కనీసం రెండు నిమిషాలు భిన్నాలే తినేశాయి, అందుకని ఇది కూడా చెప్పాలి. తొట్టి 60 బిందెలు పడుతుందనుకోండి. 12, 15, 20 మూడూ 60లో శేషం లేకుండా పోతాయి. మొదటి గొట్టం గంటకు 5 బిందెలు పోస్తుంది, రెండోది 4 పోస్తుంది, మూడోది 3 తోడేస్తుంది. మూడు గంటలకు నికరంగా 6 బిందెలు. తొమ్మిది విడతలయ్యేసరికి, అంటే 27 గంటలకు, 54 బిందెలు. తర్వాతి గంట మొదటి గొట్టం 5 పోస్తే 59. ఇంకొక్క బిందె కావాలి. రెండో గొట్టం గంటకు 4 పోస్తుంది కాబట్టి ఒక బిందెకు పావుగంట. 28 గంటల 15 నిమిషాలు. భిన్నం ఒక్కటీ రాలేదు, మీ అనుమానం ఎంత నిజమో కూడా కళ్ళకు కట్టింది. కోచింగులో చెప్పే షార్ట్‌కట్ రాసినప్పుడల్లా అబద్ధం చెప్పినట్టుంటుందన్నారే, ఇందులో అబద్ధం ఎక్కడుంది? హారంగా కింద పడి ఉన్న 60ని బిందెలుగా పైకి తెచ్చుకున్నాం, అంతే.

షార్ట్‌కట్ల గురించి నా మాట ఇది. ఎందుకు పనిచేస్తుందో మీరు మీ నోటుబుక్కులో నిరూపించుకోగలిగిన దాన్ని ఉంచుకోండి. నిరూపించలేని దాన్ని ఎంత గొప్పవాళ్ళు చెప్పినా తీసేయండి. బట్టీపట్టిన సూత్రం ఒత్తిడిలో తలకిందులుగా గుర్తొస్తుంది. అసలు మీద రెండేళ్ళ చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడా, మొదటి ఏడాది వడ్డీ మీద రెండో ఏడాది పడే వడ్డీయే. ఇది ఒకసారి మనసుకు పట్టాక, 8,000 రూపాయలకు 10 శాతం చొప్పున తేడా ఎంత అంటే, మొదటి ఏడాది వడ్డీ 800, దాని మీద పదో వంతు 80 అని మీరు పెన్ను తీయకుండా చెబుతారు. మీకు గణితం తెలుసు కాబట్టి ఇలాంటివి ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు, మీరే తయారుచేసుకోగలరు. గదిలో మిగతా ఇద్దరికీ లేని సౌకర్యం అది.

మీరు వదులుకోవలసిన అలవాటు ఒకటుంది. 5తో భాగిస్తే 3, 7తో భాగిస్తే 4 శేషం వచ్చే సంఖ్య ఏది? ఆప్షన్లు 23, 32, 18, 38. మీరు వెంటనే చరరాశులు పెట్టి సమీకరణం రాస్తారు. బడిలో మెట్లు రాస్తేనే మార్కులు కాబట్టి అది మంచి అలవాటే. ఇక్కడ జవాబు ఇప్పటికే తెర మీద ఉంది, దాన్ని గుర్తుపడితే చాలు. 5తో భాగిస్తే 3 మిగలాలంటే చివరి అంకె 3 కావాలి, లేదా 8 కావాలి, 32 పోయింది. మిగిలిన మూడింటిలో 7తో భాగిస్తే 4 మిగిలేది 18 ఒక్కటే. ఇరవై సెకన్లు. 347ను 86తో గుణించమని అడిగితే, 7, 6ల లబ్ధం 42, చివరి అంకె 2. ఆప్షన్లలో 2తో ముగిసేది ఒక్కటే ఉంటే గుణకారం మొదలుపెట్టనే అక్కర్లేదు. ఈ పరీక్షలో మీ మెట్లు ఎవరూ దిద్దరు.

వదలడం కూడా చేతికి అలవాటు చేయవలసిన పనే, మాట అనుకుంటే రాదు. రోజూ రెండు వందల లెక్కలు ఆపేయండి. రాత్రి స్టడీ హాలు నుంచి వచ్చాక ఇరవై లెక్కలు ముందు పెట్టుకుని, ఫోనులో పదిహేను నిమిషాలకు గంట పెట్టండి. నియమం ఒక్కటే: అందులో ఐదు తప్పనిసరిగా వదలాలి. అన్నీ చేయగలిగినా సరే, ఐదు వదలాలి. మొదటి వారం ప్రాణం కొట్టుకుంటుంది. గంట మోగాక ఆ ఐదింటినీ తీరిగ్గా పూర్తిచేయండి. మీ సారు మాట కూడా నిలబడుతుంది, కంచం ఖాళీ చేసే లేస్తారు. అప్పుడు ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో పక్కన రాసుకోండి. వదిలినవి నిజంగా బరువైన ఐదేనా, లేక తేలికైనదాన్ని చూడగానే భయపడి వదిలి, బరువైనదాన్ని ముచ్చటపడి పట్టుకున్నారా? రెండు మూడు వారాల్లో మీ కన్ను మారుతుంది. నేను చెప్పే ఈ కొద్దిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం దీనివల్లే వస్తుందని నా నమ్మకం.

మాక్ టెస్టు రాశాక మార్కుల కంటే ముందు, చదవకుండా మిగిలిన ప్రశ్నలెన్నో చూసుకోండి. అది సున్నా అయ్యేదాకా మార్కుల సంగతి పట్టించుకోకండి.

దాచుకున్న ఏడు నిమిషాల్లో గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటి ఉంది. ఎన్‌టీపీసీలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని పెడితే సగటున నాలుగింట ఒకటి తగులుతుంది, మూడు తప్పుతాయి. వచ్చిన ఒక మార్కూ అలాగే పోతుంది. ఒరిగేది ఏమీ లేదు. రెండు ఆప్షన్లను నమ్మకంగా కొట్టేయగలిగితే మాత్రం, అలాంటి ఆరు ప్రశ్నల్లో సగటున మూడు తగులుతాయి, తప్పిన మూడింటికి పోయేది ఒక మార్కు, రెండు మార్కులు మిగులు. మీరు కటాఫ్‌కు ఎంత దూరంలో ఆగారో వేరే చెప్పనక్కర్లేదు. సగంలో వదిలిన లెక్క మిమ్మల్ని వట్టి చేతులతో పంపదు. 30 తప్పని తెలియడమంటే ఒక ఆప్షన్ కొట్టేసినట్టే కదా.

లెక్కలు ముందు చేయాలా ఆఖరున చేయాలా అని కూడా అడిగారు. ఆఖరున పెడితే, మిగతా విభాగాలు మింగేయగా మిగిలిన సమయం మీ బలమైన సబ్జెక్టుకు దక్కుతుంది. కర్నూలులో అదే జరిగింది. ముందు పెడితే, ఒక్క తొట్టి పట్టుకుందంటే మొత్తం పరీక్షే అందులో మునిగే ప్రమాదం ఉంది. జనరల్ అవేర్‌నెస్ మొదట ముగించి, లెక్కలు మధ్యలో పెట్టి, రీజనింగ్ ఆఖరున చేయడం మీకు నప్పుతుందని నాకనిపిస్తోంది. తెలిసిన ప్రశ్నలతో చేయి కుదురుకుంటుంది, లెక్కలకు గట్టు రెండు వైపులా ఉంటుంది. మూడు రకాలుగానూ రెండేసి మాక్ టెస్టులు రాసి చూసి మీరే తేల్చుకోండి.

ఇప్పుడు పెద్ద ప్రశ్న, పరీక్ష మార్చడం. మీ స్నేహితురాలి దారి పడితే, బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ జరిపే క్లర్కు ప్రిలిమ్స్‌లో లెక్కలు 35, వాటికి విడిగా 20 నిమిషాలు. ఒక్కోదానికి 34 సెకన్లు కాస్త అటూ ఇటూ. బిగువు ఎక్కువే. కానీ ఆ 20 నిమిషాలు అవగానే విభాగం మూసుకుపోతుంది, ఒక తొట్టి వచ్చి మీ రీజనింగును ముంచలేదు. మీ స్వభావానికి ఆ గోడ మేలు చేయవచ్చు. ఇంగ్లీషు 30 ప్రశ్నలుంటాయి, తెలుగు మాధ్యమంలో చదివినవారు దానికి విడిగా సమయం కేటాయించాలి. వయసు పరిమితి 28, బీసీలకు ఇంకో మూడేళ్ళు. మీకు అవకాశాలు మిగిలే ఉన్నాయి. రైల్వేలోనే కొనసాగితే ఇప్పటిదాకా చదివింది అక్కరకొస్తుంది, పరీక్ష తెలుగులో రాయవచ్చు. అయితే నోటిఫికేషన్ ఏటా వస్తుందని కూర్చోలేం. 2019లో వచ్చిన ఎన్‌టీపీసీ నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ 2024 దాకా ఎదురుచూశారు.

లెక్కలు తక్కువ ఉండే పరీక్షలంటే గ్రూప్-2 ఉంది. ప్రిలిమ్స్‌లో 150 మార్కులకు మెంటల్ ఎబిలిటీ 30. కానీ మీకు అన్నిటికంటే బాగా వచ్చిన దాన్ని ఒక మూలకు నెట్టి, చరిత్ర, సమాజం, భూగోళం మొదటినుంచి చదవాలి. ఒక్క తొట్టికి భయపడి ఆ పని చేయవద్దని నా సలహా. చరిత్ర మీద నిజంగా మనసుంటే అది వేరే సంగతి.

ఇంకో దారి మీ ఉత్తరం నాలుగో పేజీలో ఉంది, మీరు గమనించారో లేదో. గదిలో స్నేహితురాలికి శాతాలు చెప్పిన ఆ గంటే రోజంతటిలో తేలిగ్గా ఉండేదని రాశారు. బీఈడీ చేసి, టెట్ రాసి, డీఎస్సీలో గణితం టీచరు పోస్టుకు పోటీపడటం మీ చదువుకు నేరుగా అతికే దారి. నష్టం కూడా చెప్పాలి: బీఈడీ రెండేళ్ళు, ఆ రెండేళ్ళ ఖర్చు, పైగా డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 2018 తర్వాత 16,347 పోస్టులతో మళ్ళీ డీఎస్సీ జరిగింది 2025లో. ఒకటి మాత్రం నిజం, పిల్లలకు లెక్కను సగంలో వదలకుండా చెప్పగలిగేవారు బడులకు కావాలి.

ఇంతకీ ఇంకో ఏడాది చదవాలా? ఇక్కడ మళ్ళీ ఆ బోరు దగ్గరికి రాక తప్పదు. మూడేళ్ళు పెట్టాను కాబట్టి నాలుగోది అన్నారంటే, అది ఆరు వందల అడుగుల మాటే, నేను వద్దంటాను. కొత్తగా తడి ఏమైనా కనిపించిందా అన్నది చూడాలి. మీకు కనిపించింది. చదవని ఏడింటిలో ఐదు మీకు నోటికి వచ్చినవి, మీరు ఆగిపోయింది రెండు మార్కుల లోపు. నాలుగో ఏడాదికి కారణం చెప్పమని ఎవరైనా అడిగితే ఆ ఐదు లెక్కలు చూపించండి, గడిచిన మూడేళ్ళు చూపించకండి. అలాగే లోతు కూడా ఇప్పుడే అనుకోండి: ఈ ఏడాది ఏ రెండు పరీక్షలు, ఏ నెల దాకా, అప్పటికీ రాకపోతే బీఈడీయా, మరొకటా. ఆ తేదీ మీరూ నాన్నగారూ కలిసి పెట్టుకుంటే, సంబంధాల విషయంలో అమ్మతో మాట్లాడటం కూడా తేలికవుతుంది. గడువు తెలియని ఎదురుచూపే తల్లులను ఎక్కువ కలవరపెడుతుంది. పెళ్ళి మీకు ఇష్టమా, ఎప్పుడు ఇష్టం అన్నది మీరే చెప్పాలి, పరీక్ష ఫలితంతో ముడిపెట్టకుండా చెప్పండి.

ఉగాదికి ఊరు వెళ్ళినప్పుడు ఆ ప్రశ్నపత్రం తీసుకువెళ్ళండి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోనులో గడియారం ఆయన చేతికిచ్చి, చదవకుండా మిగిలిన ఆ ఏడు లెక్కలు ఆయన ముందే చేయండి. స్తంభం దాటే రైలుకు మీకు ఎన్ని సెకన్లు పట్టిందో ఆయన్నే చెప్పమనండి.